వైజాగ్ వానల్లో, ఉప్పుగాలిలో రివాల్వర్ తుప్పు పట్టకుండా ఎలా చూసుకోవాలి?

కొత్తగా లైసెన్స్ వచ్చింది, పాయింట్ 32 రివాల్వర్ కొన్నాను, రోజూ పెదవాల్తేరు నుంచి గాజువాకకు బైక్ మీద వెళ్తాను, వానలో తడిస్తే పాడైపోతుందా అని అడిగారు.

నాది కూడా పాయింట్ 32 రివాల్వరే, కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసినది. సైన్యం నుంచి రిటైరయ్యాక ఇక్కడే ఒక వ్యాపారి దగ్గర సెక్యూరిటీ చూస్తున్నాను. ఇన్ని వర్షాకాలాల్లో తడిసిన రోజు దానికి ఎప్పుడూ ఏమీ కాలేదు. తుప్పు పట్టింది అసలు నా నడుం మీద లేని మూడు నెలల్లో.

2024 ఎన్నికలప్పుడు రివాల్వర్ అప్పగించాల్సి వచ్చి, మార్చిలో పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, జూన్‌లో తెచ్చుకున్నాను. ఇచ్చేటప్పుడు పద్ధతిగా తోలు పౌచ్‌లో పెట్టి బటన్ నొక్కి మరీ ఇచ్చాను. తెచ్చుకుని తీసి చూస్తే తోలు ఎక్కడెక్కడ ఆనుకుందో సరిగ్గా అక్కడే ఎర్రటి మచ్చలు. బెల్ట్ మీద గుచ్చిన రౌండ్లకు, అంటే తూటాలకు, ఆకుపచ్చ చిలుము. స్టేషన్‌వాళ్లను అనడానికేం లేదు, ఇచ్చింది ఇచ్చినట్టే దాచారు. తప్పంతా నాదే. తోలు చెమటను, తేమను పీల్చుకుని వదలదు. పైగా తోలు శుద్ధి చేసేటప్పుడు వాడిన లవణాలు అందులో మిగిలి ఉంటాయి. సన్న స్టీల్ ఊలుకు నూనె పట్టించి మెల్లగా రుద్దితే మచ్చలు పోయాయి గానీ, నీడ మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది.

రివాల్వర్ మీదుండే నల్ల పూతను నమ్ముకోకండి. అది కూడా ఇనుము ఆక్సైడే, ఒక రకంగా మనం కావాలని పట్టించిన తుప్పు. నూనెను పట్టి ఉంచినంతసేపే అది కాపాడుతుంది. స్టెయిన్‌లెస్ అయినా ఉప్పుగాలికి పూర్తిగా తట్టుకోదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్ల కిటికీ గ్రిల్స్ చూస్తే మీకే అర్థమవుతుంది.

తడిసి ఇంటికొచ్చిన రోజు ముందు రౌండ్లన్నీ తీసేసి వేరే గదిలో పెట్టండి. సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీయేనా అని కళ్లతో చూడండి, ఆ తర్వాతే గుడ్డ పట్టుకోండి. ఆర్మీలో చిందీ అనేవాళ్లం, పాత కాటన్ బనియన్ ముక్క చాలు. బాగా తుడిచి కాసేపు ఫ్యాన్ కింద ఉంచండి. నీళ్లు దాక్కునేది రౌండ్లను బయటికి తోసే చక్రం కింద, దాని కడ్డీ చుట్టూ, స్క్రూ తలల్లో, పిడి చెక్కల లోపల. సీజన్‌లో ఒకటి రెండుసార్లు పిడి చెక్కలు విప్పి చూడండి, పైన పటారం లోన లొటారంగా ఉండేది అక్కడే. లోపలి మెకానిజాన్ని మూసే పక్క ప్లేటు మాత్రం మీరు విప్పొద్దు, లైసెన్స్ ఉన్న మెకానిక్‌కే ఇవ్వండి.

నూనె పలచగా, వేలికి జిడ్డు తగిలీ తగలనట్టు రాస్తే చాలు. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె పర్వాలేదు గానీ త్వరగా ఆరిపోతుంది, వారానికోసారి రాయాలి. ఎవరో పెద్దాయన కొబ్బరినూనె పూయమన్నాడని ఇంకొకరు చెప్పారు, దయచేసి వద్దు. చలికాలం రాత్రి గడ్డకడుతుంది, తర్వాత బంకలా పేరుకుంటుంది. రౌండ్లకు నూనె తగలనివ్వకండి, రౌండు అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లోకి దిగితే అవసరానికి పేలకపోవచ్చు. సిలిండర్ గదులు, బ్యారెల్ లోపల పొడిగా తుడిచాకే లోడ్ చేయాలి.

నిజం చెప్పాలంటే మన ఊళ్లో వాన కంటే చెమటే ఎక్కువ పాడు చేస్తుంది. ఒంటివైపు ఉండే పక్కను రోజూ తుడవండి. తోలు బదులు గట్టి ప్లాస్టిక్ పౌచ్ వాడుతున్నాను, నీళ్లు పీల్చదు, పైన రెయిన్‌కోట్ వేసుకుంటే చాలు. పాలిథిన్ కవర్‌లో చుట్టకండి, లోపల ఆవిరి పడుతుంది. ఇంకో సంగతి, ఏసీ కారు దిగగానే కళ్లజోడు మీద ఆవిరి పడుతుంది కదా, ఇనుము మీదా అదే పడుతుంది. అలాంటప్పుడు తుడవకుండా పెట్టెలో పెట్టి మూసేయకండి.

ఇంట్లో తాళం వేసిన స్టీల్ లాకర్‌లో, పౌచ్ లేకుండా, సిలికా జెల్ పక్కన పెట్టి ఉంచుతాను. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండిపోయినట్టు, వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి.

ఈసారి ఎన్నికలకు అప్పగించాల్సి వస్తే నూనె కొంచెం మందంగా పట్టించి, తుప్పు పట్టకుండా యంత్రాల విడిభాగాలకు చుట్టే వీసీఐ కాగితంలో చుట్టి ఇవ్వండి. పౌచ్ ఇంట్లోనే ఉంచుకోండి. రసీదు మీద ఆయుధం నంబర్‌తో పాటు రౌండ్ల లెక్క కూడా రాయించుకోండి.