ఎవరి కొలత?

బెంగళూరు, మల్లేశ్వరం

చి. సుధీర్‌కి ఆశీస్సులు.

ఇంటర్‌ఫెరోమీటర్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను (స్ప్లిటర్ అనే సగం అద్దంతో కాంతిని రెండుగా చీల్చి, ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు భుజాల చివరి అద్దాల దాకా పంపి, వెనక్కి తెచ్చి కలిపే పరికరం అది). చిక్కంతా మూడో పేరాలోనే ఉంది. కాంతి 20 మీటర్లు వెళ్లిందన్నావు, రెండు వాక్యాలు తిరక్కుండానే 25 అన్నావు. రెండూ నిజమే. ఏది ఎవరి కొలతో చెప్పలేదు, అంతే.

కాగితం మధ్యన నిలువుగీత గియ్యి. ఎడమవైపు పరికరంతో పాటు పోయేవాడి లెక్క, కుడివైపు నేలమీద నిలబడ్డవాడి లెక్క. భుజం 10 మీటర్లు, వేగం కాంతివేగంలో 0.6 వంతు అనుకుంటే అంకెలు శుభ్రంగా వస్తాయి. ఎడమవైపు రెండు భుజాల్లోనూ రానూపోనూ 20 మీటర్లే.

కుడివైపు చూడు. పరికరం పోయే దిక్కుకి అడ్డంగా ఉన్న అడ్డభుజంలో కాంతి ఏటవాలుగా పోతుంది: 10 పైకి, 7.5 పక్కకి, వెరసి 12.5, తిరుగు దారి కూడా అంతే, మొత్తం 25. పోయే దిక్కున ఉన్నది నిడుపు భుజం; సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం వేగంగా పోయేది ఆ దిక్కున కుదించుకుపోతుంది కాబట్టి అది నేలవాడికి 8 మీటర్లే. ముందుకి పోయేటప్పుడు అద్దం పారిపోతుంటుంది కాబట్టి 8ని 0.4తో (1 − 0.6) భాగించు, 20. వెనక్కి వచ్చేటప్పుడు స్ప్లిటర్ ఎదురొస్తుంది కాబట్టి 1.6తో (1 + 0.6) భాగించు, 5. మళ్లీ 25! ఆ 0.4, 1.6 కాంతివేగాలు కావు, కాంతికీ, అది చేరాల్సిన అద్దానికీ లేదా స్ప్లిటర్‌కీ మధ్య ఎడం తరిగే, పూడే వేగాలు. ఈ మాట రాయకపోతే చదివేవాడు కచ్చితంగా పొరబడతాడు. భుజం కుదింపు మర్చిపోతే నిడుపు భుజంలో 31.25 వస్తుంది, అప్పుడు పట్టీలు (రెండు కిరణాలు కలిసినచోట కనిపించే వెలుగు, చీకటి చారలు) జరగాలి.

1887లో అమెరికా శాస్త్రవేత్తలు మైకెల్సన్, మోర్లీ వెతికింది ఆ జరుగుడునే. ఒక్కో భుజంలో కాంతిదారి ఒకవైపుకి 11 మీటర్లు, భూమి వేగం సెకనుకి 30 కిలోమీటర్లు, రెండు దారుల మధ్య రావాల్సిన తేడా 0.11 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాన్), అంటే పట్టీలో ఐదోవంతు. పాదరసంపై తేలే రాతిపలకని 90 డిగ్రీలు తిప్పితే భుజాలు తారుమారై 0.4 అవుతుంది. నువ్వు 0.2 దగ్గరే ఆగిపోయావు. వాళ్లకి కనిపించింది ఆ 0.4లో ఇరవయ్యోవంతు కూడా లేదు.

మెట్రో పోలిక ఉంచు. ఇందిరానగర్‌లో ఎక్కి పెట్టెలో ఇరవై అడుగులు వేసినవాణ్ణి ప్లాట్‌ఫాం మీదవాడు ఎంతో దూరం పోయాడంటాడు. కానీ అక్కడితో ఆపెయ్. నడిచేవాడి వేగం ఇద్దరికీ ఒకటి కాదు, కాంతివేగం ఒకటే. అందుకే దూరం 20 నుంచి 25 అయితే పట్టే సమయమూ అదే పాళ్లలో పెరగాలి.

ఇంకో మాట. ఎడమవైపు రెండు అద్దాలకీ కాంతి ఒకేసారి తగులుతుంది. కుడివైపు అలా కాదు: అడ్డ అద్దానికి కాంతి 12.5 మీటర్లు పోయాక, నిడుపుదానికి 20 పోయాక. తిరిగి కలవడం మాత్రం ఇద్దరి లెక్కలోనూ ఒకేచోట, ఒకే క్షణంలో. వ్యాసానికి ప్రాణం ఇదే, దీనికి రెండు పేరాలైనా ఇవ్వు.

బొమ్మ వేసేవాళ్లకి ముందే చెప్పు: కుడివైపు బొమ్మలో స్ప్లిటర్ 45 డిగ్రీలు కాదు, కుదింపు వల్ల సుమారు 51. మామూలుగా అందరూ 45 వేసేస్తారు, ఆ తర్వాత ఏటవాలు కిరణం అద్దానికి ఎలా తగిలిందో ఎవరికీ అర్థం కాదు.