సగ్గుబియ్యంలో కర్రపెండలం విషం మిగులుతుందా?

కర్రపెండలంలో విషం ఉంటుందంటారు కదా, మరి దాన్నుంచి తీసిన సగ్గుబియ్యం జావ పిల్లలకి పట్టొచ్చా అని అడిగారు. శుభ్రంగా తయారైనదైతే నిశ్చింతగా పట్టండి.

దుంపలో లినమరిన్ అనే పదార్థం ఉంటుంది. దుంప చితికినప్పుడు అందులోని ఎంజైమే దాన్ని విడగొట్టి విషమైన హైడ్రోజన్ సయనైడ్‌ని బయటికి వదులుతుంది. అది నీళ్లలో కరుగుతుంది, 26 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. గోదావరి డెల్టా అంచున సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో తొక్క తీసి (విషం ఎక్కువుండేది తొక్కలోనే), దుంపను నలిపి, నీళ్లు పోసి వడగట్టి, ఆ పాలను తొట్లలో తేరబెడతారు. అడుగున పేరిన పిండిని పూసలు కట్టి, వేయించి ఎండబెడతారు. ఇంత జరిగాక మిగిలే సయనైడ్ అతి స్వల్పం.

నా దృష్టిలో అసలు సమస్య నీళ్లు. తేరేదాకా పిండి గంటల తరబడి ఆ నీళ్లలోనే ఉంటుంది. శుద్ధి చెయ్యని కాలవ నీళ్లు వాడితే ఆ మురికి, క్రిములు పిండిలోనే చేరతాయి. ఆరుబయట ఆరబోస్తే దుమ్ము, పక్షుల రెట్టలు సరేసరి. మన తేమగాలికి సరిగా ఎండకపోతే బూజు పడుతుంది. తెలుపు కోసం రసాయనాలు కలిపేవాళ్లూ ఉంటారు కాబట్టి మరీ మెరిసిపోయేవి, పులిసిన వాసన వచ్చేవి కొనకండి.

దుంపనే వండుకుంటే మాత్రం జాగ్రత్త: లోపలి పొరతో సహా తొక్క తీసి, ముక్కలు కోసి, మూత పెట్టకుండా ఎక్కువ నీళ్లలో బాగా ఉడికించి ఆ నీళ్లు పారబొయ్యాలి. పచ్చిదుంప పిల్లల చేతికి అందనివ్వద్దు.