సమీకరణం తుల్యం చేశాక గ్రాములు ఎలా లెక్కగట్టాలి?

మీ అమ్మాయి రసాయన సమీకరణాన్ని సరిగ్గానే తుల్యం చేస్తోందని (అంటే రెండువైపులా పరమాణువుల లెక్క సమానం చేస్తోందని), 'ఇంత ఇనుము రావాలంటే అల్యూమినియం ఎంత కావాలి' అనగానే ఆగిపోతోందని రాశారు. నేను చాలా ఏళ్లుగా పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. ఎక్కువమంది ఆగిపోయేది ఒక్కచోటే. ఫార్ములా ముందున్న అంకెను గ్రాములు అనుకుంటారు.

మీరడిగిన చర్యనే తీసుకుందాం. రైలు పట్టాలను అతకడానికి వాడే థెర్మిట్ చర్య ఇది. అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ కలిపి మండిస్తే విపరీతమైన వేడి పుడుతుంది. కరిగిన ఇనుము పట్టాల మధ్య సందులోకి దిగి గట్టిపడుతుంది.

2 అల్యూమినియం + 1 ఐరన్ ఆక్సైడ్ → 1 అల్యూమినియం ఆక్సైడ్ + 2 ఇనుము

ఇందులో 2 అంటే రెండు పరమాణువులు, లేదా రెండు మోల్‌లు (డజను లాగే మోల్ కూడా ఒక లెక్క, కాకపోతే చాలా పెద్దది). రెండు గ్రాములు కాదు. పది నిమ్మకాయలు, పది కొబ్బరికాయలు లెక్కకు సమానమే, తూకానికి కాదు కదా! అల్యూమినియం పరమాణు ద్రవ్యరాశి 27, ఇనుముది 56, ఆక్సిజన్‌ది 16. ఐరన్ ఆక్సైడ్‌లో (Fe₂O₃) రెండు ఇనుము, మూడు ఆక్సిజన్ పరమాణువులు, అల్యూమినియం ఆక్సైడ్‌లో (Al₂O₃) రెండు అల్యూమినియం, మూడు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. వీటితో సమీకరణం కింద ఇంకో వరుస రాయించండి:

54 + 160 → 102 + 112

ఎడమవైపు 214, కుడివైపు 214. చర్యకు ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యరాశి మారదని శాస్త్రవేత్త లవోజియే చెప్పిన ద్రవ్యనిత్యత్వ నియమం ఇదే. ఈ కూడిక కలిసేదాకా నేను ఏ పిల్లనీ ముందుకు పోనివ్వను. ఎందుకంటే తర్వాత వచ్చే తప్పుల్లో చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

ఇక మిగిలింది అనుపాతమే. 112 ఇనుముకు 54 అల్యూమినియం చొప్పున, 1120 కిలోల ఇనుముకు 540 కిలోలు కావాలి. కిలోలను గ్రాముల్లోకి, గ్రాములను మోల్‌లలోకి మార్చి మళ్లీ వెనక్కి తేవాల్సిన పని లేదు. వాయువు ఘనపరిమాణం అడిగినప్పుడు మోల్‌లు ఎలాగూ తప్పవు. బరువు నుంచి బరువుకైతే ఈ దారే నయం, టెన్షన్ కూడా తగ్గుతుంది.

రెండు పదార్థాల బరువులూ ఇస్తే మాత్రం ఏది ముందు అయిపోతుందో చూడాలి. అల్యూమినియం 54 గ్రాములు, ఐరన్ ఆక్సైడ్ 80 గ్రాములే ఉన్నాయనుకోండి. ఆక్సైడ్ సగమే ఉంది కాబట్టి ఇనుమూ సగమే, 56 గ్రాములు వస్తుంది. 27 గ్రాముల అల్యూమినియం మిగిలిపోతుంది. అల్యూమినియం ఆక్సైడ్ 51 గ్రాములు. మిగిలినదానితో కలిపి కూడితే మొదట వేసిన 134 గ్రాములూ లెక్కకొస్తాయి.

వాయువు బయటికి పోయే చర్యల్లో పిల్లలు బరువు తగ్గిందని కంగారుపడతారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో జరిగేది అలాంటిదే. 100 కిలోల కాల్షియం కార్బొనేట్ కాలితే 56 కిలోల సున్నం (కాల్షియం ఆక్సైడ్) మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. సున్నపురాయిలో మలినాలుంటే ముందు వాటి బరువును లెక్కలోంచి తీసేయాలి. 90 శాతం కార్బొనేట్ ఉన్న టన్ను రాయి నుంచి 504 కిలోల కాల్షియం ఆక్సైడ్ వస్తుంది, 560 కాదు.

ఇవాళ ఆమెతో ఒక్క లెక్క చేయించండి. 6 గ్రాముల మెగ్నీషియం తీగ ఆక్సిజన్‌లో పూర్తిగా కాలితే తెల్లటి పొడి ఎంత వస్తుంది? మెగ్నీషియంకు 24 తీసుకోమనండి. జవాబు 10 గ్రాములు. పెరిగిన 4 గ్రాములు ఎక్కడివో తనే చెప్పగలిగితే, రెండు పదార్థాల బరువులూ ఇచ్చే లెక్కల్లోకి వెళ్లొచ్చు.