అన్నయ్య కట్టిన డబ్బుకు మూడే మాటలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, పెళ్లయింది. హైదరాబాద్‌లో వైద్య పరికరాలు తయారుచేసే పెద్ద విదేశీ కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తున్నాను. అమెరికా నుంచి వచ్చే ఫిర్యాదులు చదివి, ప్రాణాపాయం ఉన్నవాటిని అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు 30 రోజుల్లోగా నివేదించాలి. ఏడాది క్రితం తెనాలిలో ఉండే నాన్నగారికి మా కంపెనీ పేస్‌మేకరే పెట్టారు. రాయితీ ఇప్పించమని అన్నయ్య అడిగాడు. నా చేతిలో లేదన్నాను. డబ్బు అన్నయ్యే కట్టాడు. అదే మోడల్ మీద ఫిర్యాదు కనిపిస్తే ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు. రోజూ రాత్రి ఫోన్ చేసి, కళ్లు తిరుగుతున్నాయా అని నాన్నను అడుగుతాను. మొన్న అన్నయ్య, ‘లోపాలన్నీ తెలిసి కూడా నాన్న గుండెలో పెట్టనిచ్చావు’ అన్నాడు. వదిన మాట్లాడడం మానేసింది. ఉద్యోగం మానేస్తే ఈ గొడవ తీరుతుందా?

జవాబు: తీరదు. ఉద్యోగం మానకండి.

మీ బల్ల మీదకు వచ్చేవన్నీ ఫిర్యాదులే. పేషెంటు జారిపడినా ఫైలే, కుట్ల దగ్గర చీము పట్టినా ఫైలే. ఫిర్యాదు వచ్చినంత మాత్రాన తప్పు పరికరానిదే కాదని మీకు వేరే చెప్పాలా? మా పెద్దమ్మకు పన్నెండో ఏట బ్యాటరీ అయిపోతే పేస్‌మేకర్ మార్చారు. ఆ పన్నెండేళ్లలో ఆవిడ ఆవకాయ పెట్టని వేసవి లేదు. ఆ సంగతి ఏ ఆఫీసుకూ ఎవరూ రాయలేదు.

అన్నయ్యకు నిజంగా పరికరం మీదే అనుమానం ఉంటే డాక్టర్‌ను అడుగుతాడు. 2015 నుంచి మన దేశంలోనూ ఇలాంటి ఫిర్యాదుల కోసం మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది, ఆస్పత్రి ద్వారా దానికి రాయిస్తాడు. చెల్లెల్ని అనడు. అంటే ఆయన కోపం పేస్‌మేకర్ మీద కాదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయం గురించి ఉంది, అన్నయ్య అన్న మాట ఉంది, వదిన మౌనం ఉంది. ‘డబ్బు అన్నయ్యే కట్టాడు’ అన్నది మాత్రం మూడు మాటల్లో తేల్చేశారు. ఎంత కట్టాడు? అప్పు చేశాడా, కౌలు డబ్బు తీశాడా? మీరెంత ఇచ్చారు? ఇచ్చి ఉంటే రాసేవారు.

కంపెనీ ముందు చేయి చాచనందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను. ఫిర్యాదులు చూసే మనిషి రాయితీలు అడగడం మొదలుపెడితే ఆ కుర్చీకి విలువేముంటుంది? కానీ ‘నా చేతిలో లేదు’ అని ఊరుకున్నారు చూడండి, తెగింది అక్కడ. ఆ వెంటనే ‘సగం నేనిస్తాను’ అని మీ నోట రావాల్సింది. మీరు పుట్టకముందే, 1986లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన వాటా ఇస్తూ చట్టం వచ్చింది. పొలంలో వాటా ఉన్న కూతురికి ఆస్పత్రి బిల్లులో ఉండదా? ఆడపిల్ల కదా అని మినహాయింపు ఇచ్చే పెద్దలు చాలామంది ఉన్నారు. నేనివ్వను.

ఇక ఆ రాత్రి ఫోన్లు. ‘కొంచెం తిరిగినట్టుందమ్మా’ అని నాన్న అన్నారే అనుకోండి, మీరు ఫోన్ పట్టుకుని ఏడుస్తారు. ఆ వేళప్పుడు కారు మాట్లాడి గుంటూరు తీసుకెళ్లాల్సింది అన్నయ్య. ఫ్లాస్కు, దుప్పటి సర్దాల్సింది వదిన. ఏడాదిగా వాళ్లిద్దరినీ ‘మీరెలా ఉన్నారు’ అని ఒక్కసారైనా అడిగారా?

పేస్‌మేకర్‌కు ఆరు నెలలకో, ఏడాదికో పరీక్ష ఉంటుంది. ఈసారి సెలవు పెట్టి మీరే తీసుకెళ్లండి. ఛాతీ మీద ఒక చిన్న పరికరం ఆనించి బ్యాటరీ ఎంత మిగిలిందో, తీగ సరిగా ఉందో చూస్తారు. ఆ కాగితం మీకు చదవడం వచ్చు, అన్నయ్యకు రాదు. పక్కన కూర్చోబెట్టుకుని వరసగా చదివి చెప్పండి. పేస్‌మేకర్ గుండెలో ఉండదని, భుజానికి కాస్త కింద చర్మం లోపల ఉంటుందని కూడా చెప్పండి. పాపం, ఆయన ఇప్పటికీ గుండెలోనే ఉందనుకుంటున్నాడు.

బిల్లులో సగం తీసుకెళ్లండి. మీ ఆయనకు చెప్పి తీసుకెళ్లండి, అడిగి కాదు. నాన్న ఎదుట ఇవ్వకండి. అన్నయ్య వద్దంటాడు. రెండోసారీ వద్దంటాడు. మూడోసారి అడగకుండా బల్ల మీద పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి వదిన దగ్గర కూర్చోండి.