యాస కాదమ్మా, భాషే

ప్రశ్న: మా అమ్మాయి మ్యూనిక్‌లో నర్సు. తనతో గదిలో ఉండే ఫిలిప్పీన్స్ పిల్ల ఇంటికి ఫోన్ చేసి ఇలొకానోలో మాట్లాడుతుందట. ‘ఇదేం పెద్ద భాష కాదు, మా వైపు యాస’ అని ఆ పిల్లే అందట. నిజమేనా? జర్మన్ పక్కన దాని లెక్కెంత?
– ఒక తల్లి

జవాబు: యాస కాదమ్మా, నిఖార్సైన భాష. టాగలాగ్ ఒక్కటే వచ్చిన మనీలావాసికి ఇలొకానోలో తిట్టినా అర్థం కాదు. బడిలో, టీవీలో ఫిలిపినో (టాగలాగ్ మీద కట్టిన జాతీయ భాష), ఇంగ్లీషులదే పెత్తనం కావడంతో అక్కడివాళ్లు సొంత భాషల్ని యాసలనేస్తుంటారు.

లెక్కంటారా, జర్మన్ మాతృభాషగా ఉన్నవాళ్లు తొమ్మిది కోట్లకు పైనే. ఇలొకానోవాళ్లు కోటికి కాస్త అటూఇటూ. జర్మన్‌కు జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లాంటి ప్రభుత్వాల అండ ఉంది. ఇలొకానోను అధికార భాషగా ప్రకటించుకున్నది లా యూనియన్ అనే ఒక రాష్ట్రం, అదీ 2012లో.

ఇలొకానోను మోసుకెళ్లింది కూలీలు. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ ద్వీపం వాయవ్యాన, సముద్రానికీ కొండలకూ మధ్య ఇరుక్కున్న నేల ఇలొకోస్. అక్కడ పొలం చాలక కొందరు కగయాన్ లోయకు, ఇంకొందరు హవాయి చెరకు తోటలకు వెళ్లారు. 1906లో హవాయి చేరిన మొదటి జట్టు పదిహేను మంది. ఇప్పుడు అక్కడి విశ్వవిద్యాలయంలో ఇలొకానోలో డిగ్రీ చేయొచ్చు. ఇటు లూజాన్‌లోనే బాగియో అనే ఊరి చుట్టుపక్కల కొండల్లో, ఒకరి భాష ఒకరికి రానివాళ్లు కలిస్తే మాట్లాడుకునేదీ ఇదే.

హవాయిలోని హోనలూలూలో కలిహి పేటలో కొన్నాళ్లున్నాను. పక్కింటి ముసలమ్మ కనిపించినప్పుడల్లా ‘నంగన్‌కన్?’ అనేది. ఏదో దీవెన అనుకుని తలూపేదాన్ని. తీరా చూస్తే ‘తిన్నావా?’ అనట! దానికి జవాబు ‘నంగనాకెన్’. అందులో ‘అక్’ అంటే నేను. మన ‘తిన్నాను’లో లాగే మనిషి క్రియలోనే కూర్చుని ఉంటాడు. జర్మన్‌లో ‘ఇష్’ అని విడిగా చెప్పాల్సిందే. మన ‘మనం’, ‘మేము’ రెంటికీ జర్మన్‌లో ‘వీర్’ ఒక్కటే. ఇలొకానోలో ‘దతయో’ అంటే మనం, ‘దకమి’ అంటే మేము. నువ్వూ నేనూ, ఇద్దరమే అనడానికి ‘దత’ అని మరో మాట కూడా ఉంది. అది మనకూ లేదు, నాకు అసూయ.

ఇక జర్మన్ అంతా ఒక్కటే అనుకోకండి. క్లాసులో పలకరింపుకు ‘గూటెన్ టాగ్’ నేర్చుకుని వెళ్లిన మీ అమ్మాయికి మ్యూనిక్ వార్డులో పెద్దవాళ్లు ‘గ్రూస్ గాట్’ అని ఉంటారు. జ్యూరిక్ వెళితే పేపర్లో రాసేది ఒకటి, ఇంట్లో మాట్లాడేది ఇంకొకటి. అయినా దాన్ని యాస అన్నందుకు అక్కడెవరూ చిన్నబోరు.

మీ అమ్మాయి వయసులో పెద్దదైతే ఆ పిల్ల ‘మనాంగ్’ అని పిలుస్తుండాలి. అక్కా అని. అవునో కాదో కనుక్కుని నాకో కార్డు రాయండి.