ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ: ఆగేది ఎక్కడ?

ప్రశ్న: విశ్వవిద్యాలయంలో బోధిస్తూ అయిదేళ్ల క్రితం పీహెచ్‌డీలో చేరాను. కోర్సువర్క్ ముగిసినా సిద్ధాంత గ్రంథం కదలడం లేదు. తోటి అధ్యాపకులు కొందరు పూర్తిచేస్తుండగా మరికొందరు మానేస్తున్నారు. ఎందుకీ తేడా?

జవాబు: దీన్ని తెలివితేటల్లో తేడాగా భావించకండి. అమెరికా, కెనడాల్లో గ్రాడ్యుయేట్ స్కూల్స్ కౌన్సిల్ 2008లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పదేళ్లలో డాక్టరేట్ పూర్తిచేసినవారు దాదాపు 57 శాతమే. ఆ అధ్యయనం లెక్కలోకి తీసుకున్నవారిలో ఉద్యోగం లేని విద్యార్థులూ ఉన్నారు.

అధ్యాపకుల విషయంలో ప్రధానమైన అడ్డంకి, మొత్తం గంటల కొరత కన్నా, సమయం ముక్కలు కావడమే. పాఠాలకూ మూల్యాంకనానికీ గడువులుంటాయి, వాటి కోసం అడిగేవారుంటారు. సిద్ధాంత గ్రంథాన్ని మాత్రం ఎవరూ ఈ రోజే కావాలని అడగరు కాబట్టి అది ప్రతి వారమూ వెనక్కి జరుగుతుంది. అందుకే ఒక సెమిస్టర్ బోధన భారం తగ్గించడం, వేతనంతో కూడిన అధ్యయన సెలవు ఇవ్వడం ఫీజు రాయితీ కన్నా ఎక్కువ మేలు చేస్తాయని నా అభిప్రాయం.

పర్యవేక్షకుడే మీ శాఖాధిపతి కూడా అయితే చిక్కు మరింత పెరుగుతుంది (ఇది పైకి చెప్పుకోలేని ఇబ్బంది): రాయలేకపోయానని ఒప్పుకుంటే ఉద్యోగంలోనూ చులకనవుతామన్న జంకుతో కలవడమే మానేస్తారు. అలాంటప్పుడు బయటి శాఖ నుంచి సహ పర్యవేక్షకుణ్ణి కోరండి. మీరు బోధించే విషయానికి దగ్గరగా పరిశోధనాంశాన్ని కుదించుకునే వీలుందేమో ఆయనతోనే ముందుగా చర్చించండి.