సిఫార్సు ఫోన్ కాదు, పదో తరగతి మెమో పట్టుకెళ్లండి

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గుంటూరు కొత్తపేట. మా ఆయన మిర్చి యార్డులో హమాలీ, నేను ఇంట్లో మిషన్ కుడతాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. బస్టాండులో ఎవరిదో సెల్‌ఫోన్ పోయిందని వీణ్ణీ, వీడి ఈడు స్నేహితులిద్దర్నీ పోలీసులు తీసుకెళ్లి, రాత్రంతా స్టేషన్‌లో ఉంచి, మర్నాడు సాయంత్రం పంపారు. మెమో ప్రకారం వాడికి పదిహేడేళ్లే, ఆధార్‌లో మాత్రం పద్దెనిమిది దాటినట్టుంది, క్యాంపులో రాయించినప్పుడు సంవత్సరం మేమే తప్పు చెప్పాం. అందుకని పెద్దవాళ్ల కోర్టుకే వెళ్లాలంటున్నారు. మా వీధిలో ఒకాయన, పెద్ద నాయకుడితో ఫోన్ చేయిస్తాను, ఇరవై వేలు ఇవ్వండి అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇచ్చేయమంటారా?

జవాబు: ఇవ్వొద్దమ్మా. ఎవరు ఎవరితో ఫోన్ చేయించినా ముందు తేలాల్సింది మీ వాడి వయసు, దానికి ఏ కాగితం చూడాలో బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో వరసగా రాసి ఉంది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే కార్పొరేషనో మున్సిపాలిటీయో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ వరసలో ఆధార్ ఎక్కడా లేదు. పైగా వయసు లెక్కేసేది ఆ ఘటన జరిగిన రోజుకి, కాబట్టి కేసు నడుస్తుండగా వాడికి పద్దెనిమిది నిండినా భయపడక్కర్లేదు. ఒకవేళ పొరపాటున పెద్దవాళ్ల కోర్టుకే పంపినా, అక్కడ ఏ దశలోనైనా సరే, మా వాడు అప్పటికి మైనరు అని చెప్పుకోవచ్చు. మెమో ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సులు తీసి పెట్టుకోండి.

మీరు వెళ్లాల్సింది పద్దెనిమిది లోపు పిల్లల కేసులు వినే జువెనైల్ జస్టిస్ బోర్డుకి. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. పిల్లాణ్ణి రాత్రంతా స్టేషన్‌లో ఉంచారని చదివితే నాకు చాలా బాధేసింది, ఎందుకంటే పద్దెనిమిది లోపు వాళ్లని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి, ఆ రోజు బోర్డు కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా సరే. వాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టారో, కొట్టారో లేదో, అన్నం పెట్టారో లేదో మెల్లగా అడిగి తెలుసుకుని బోర్డు ముందు చెప్పండి. చెబితే పోలీసులు పగబడతారేమోనని చాలామంది తల్లులు నోరు మూసుకుంటారు, మీరు అలా చేయొద్దు.

మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి ఇది చిన్న నేరాల కింద లెక్క. పెద్దవాళ్లు ఎవరూ కలవని ఇలాంటి కేసులో ఎఫ్ఐఆర్ కూడా కట్టకూడదు, స్టేషన్ డైరీలో రాసుకుని బోర్డుకి నివేదిక ఇవ్వాలి. విచారణ నాలుగు నెలల్లో ముగించాలి, ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు, అప్పటికీ తేలకపోతే చిన్న నేరాల్లో ఆ కేసు అక్కడితో ఆగిపోతుంది. తప్పు చేశాడని తేలినా మందలించి ఇంటికి పంపొచ్చు, కౌన్సెలింగుకో సమాజ సేవకో పంపొచ్చు. ఈ కేసు రేపు ఉద్యోగానికి అడ్డు రాకుండా అదే చట్టంలో 24వ సెక్షన్ ఉంది. లాయరు ఫీజు సంగతంటారా, పిల్లలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెల్ల కాగితం మీద రాసివ్వండి.

ఇంకో మాట. వాడి ఫొటో కానీ పేరు కానీ మీ వీధి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే వెంటనే తీయించండి. పిల్లాడు ఎవరో తెలిసేలా పత్రికల్లోగానీ మరెక్కడైనాగానీ బయటపెడితే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, రెండూ కూడా పడొచ్చు.

ప్రశ్న: ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత పదహారు దాటిన వాళ్లని పెద్దవాళ్లలాగే శిక్షిస్తున్నారట, నిజమేనా? ఇది ఎవరు మార్చారు, మన ఎంపీని అడిగితే మళ్లీ మారుస్తారా? – పాలిటెక్నిక్ విద్యార్థి, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: సగం నిజం బాబూ. కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న ఘోర నేరాల్లో మాత్రమే, పదహారు నిండిన పిల్లవాడి మానసిక, శారీరక స్థితినీ, తాను చేసేదేమిటో అతనికి తెలిసే స్థితి ఉందా అన్నదాన్నీ బోర్డు ముందు పరిశీలించి, అవసరమనుకుంటే పెద్దవాళ్లలా విచారించడానికి పిల్లల కోర్టుకి పంపుతుంది. అక్కడ కూడా ఉరిశిక్ష వేయకూడదు, ఎప్పటికీ విడుదల లేని యావజ్జీవమూ వేయకూడదు.

దీన్ని మార్చింది పార్లమెంటు. 2012 డిసెంబరు ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ ఈ పద్దెనిమిదేళ్ల వయసు తగ్గించొద్దని చెప్పింది. 2014లో బాలల న్యాయ బిల్లు లోక్‌సభకొచ్చింది, బిల్లుల్ని పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘానికి వెళ్లింది, పదహారేళ్ల నిబంధన వద్దని ఆ సంఘమూ అంది, అయినా 2015 మేలో లోక్‌సభ, డిసెంబరులో రాజ్యసభ ఆమోదించాయి, 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. సంఘం మాట ప్రభుత్వం వినాలన్న రూలేమీ లేదు. కానీ ఇలాంటి సంఘాలు బిల్లు మీద జనం అభిప్రాయాలు పంపమని పత్రికల్లో ప్రకటనలిస్తాయి, మనలో ఎంతమంది పంపుతున్నాం చెప్పు? ఎంపీ దగ్గరికి తప్పకుండా వెళ్లు. ఆయన మంత్రిని ప్రశ్నోత్తరాల సమయంలో అడగొచ్చు, శుక్రవారం సొంత బిల్లు పెట్టొచ్చు. ఒక్కో పిల్లవాడి కేసులో బోర్డుకి ఇలా చేయండి, అలా చేయండి అని చెప్పే అధికారం మాత్రం ఆయనకీ లేదు, మంత్రికీ లేదు. కొత్తపేట అమ్మ డబ్బు ఇవ్వక్కర్లేదని నేను ధైర్యంగా రాసింది అందుకే.

ప్రశ్న: మా మనవడికి పదిహేనేళ్లు. ట్యూషన్‌కి వాళ్ల నాన్న బండి మీద వెళ్తుంటే పోలీసులు ఆపి, ఈసారి దొరికితే తండ్రికి జైలు అన్నారు. ఉత్త బెదిరింపేనా? – ఒక తాతయ్య, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బెదిరింపు కాదు బాబాయి గారూ. మోటారు వాహనాల చట్టానికి 2019లో పార్లమెంటు చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. తనకు తెలియకుండా తీశాడని గానీ, ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని గానీ నిరూపించుకుంటేనే బయటపడతారు, తండ్రే తాళం ఇస్తుంటే మాత్రం ఆ దారి లేదు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. రేపటి నుంచి సైకిల్ మీద పంపండి.